‘వచ్చీసినాను’ అపశబ్దమా?

సందేహం: జర్మనీకి బతుకుతెరువు కోసం వెళ్ళిన తుర్కీ కుటుంబం మీద 2011లో వచ్చిన ‘అల్మాన్యా’ అనే హాస్యచిత్రం చూశాక, మా విద్యార్థుల చేత ఆడించడానికి ఒక నాటిక రాశాను. మా వైపు పల్లె నుంచి హైదరాబాదు వెళ్ళి స్థిరపడిన మూడు తరాల కుటుంబం కథ. అందులో తాత ‘నాను బేగొచ్చీసినాను’ అంటాడు. రాతప్రతి చూసిన పెద్దాయన ఒకరు ‘వచ్చీసినాను’ అపశబ్దమంటూ ‘నేను త్వరగా వచ్చేశాను’ అని దిద్దారు. మరొకరు, నవ్వు పుట్టాలంటే యాస ఇంకా దట్టించమన్నారు. ఎవరి మాట వినాలి? హైదరాబాదు వెళ్ళినవాళ్ళని ‘వలసవాళ్ళు’ అనవచ్చా? యాస మాటలకు అర్థాలు విడిగా ఇవ్వాలా?
– ఒక అధ్యాపకురాలు, బొబ్బిలి

సమాధానం: అమ్మా, ఇద్దరి మాటా పక్కన పెట్టండి. తాత మాట తాతకే ఉండనివ్వండి.

ముందు వ్యాకరణం సంగతి. ‘వచ్చీసినాను’లో ఉన్నవి ‘వచ్చి’, ‘వేసినాను’. ఇక్కడ ‘వేయు’కి సొంత అర్థం లేదు, పని పూర్తయిపోయిందని చెప్పే సహాయక్రియ అది. ‘వచ్చివేసినాను’ జనం నోట్లో నలిగి రెండు దారులు పట్టింది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ‘వే’లోని ఏకారం నిలిచింది, ‘సినా’ కుదించుకుపోయి ‘శా’ అయింది. అలా వచ్చినదే ‘వచ్చేశాను’. మన విజయనగరం, శ్రీకాకుళాల్లో ‘వచ్చి’లోని ఇకారమే దీర్ఘమైంది, ‘సినాను’ మాత్రం చెక్కుచెదరలేదు. భూతకాలాన్ని చెప్పే ‘ఇన’ మీ తాత నోట్లో నిక్షేపంగా ఉంది. దిద్దినవారి రూపంలో అది కరిగిపోయింది.

‘పోయినాడు’ సంగతీ ఇంతే. అక్కడివాళ్ళు ‘ఇన’ వదిలేసి ‘పోయాడు’ అన్నారు. మనవాళ్ళు ‘యి’ వదిలేసి నకారం దాచుకుని ‘పోనాడు’ అన్నారు. రెండు చోట్లా అరిగింది ఒకే మాట. ఒక అరుగుదలకి ‘భాష’ అనీ, రెండోదానికి ‘యాస’ అనీ పేరు పెట్టడానికి వ్యాకరణంలో ఏ ఆధారమూ లేదు. బడుల్లో, పత్రికల్లో, అచ్చులో అక్కడి రూపాలే స్థిరపడడం – కారణం అది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1910ల్లో గ్రాంథిక, వ్యావహారిక వాదాలు పోటాపోటీగా సాగినప్పుడు ‘వచ్చాడు’, ‘చేశాను’ వంటి రూపాలనే గ్రామ్యమని తోసిపుచ్చారు. వాటి పక్షాన నిలబడ్డ గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది మన శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలోనే. ఆయన వాదం గెలిచింది. కానీ గెలిచాక పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కినది మధ్య కోస్తా చదువరుల మాట. గిడుగు పుట్టిన జిల్లా పిల్లలు ఇవాళ్టికీ బళ్ళో ‘ఉన్నాది’ అని రాస్తే ఎర్ర సిరా పడుతోంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. పరీక్ష పత్రంలో ‘ఉంది’ రాయడం నేర్పండి, వద్దనను. కానీ ‘ఉన్నాది’ తప్పని పిల్లవాడికి చెప్పకండి. వాళ్ళమ్మ మాట్లాడేదే తప్పని వాడికి అర్థమవుతుంది.

ఇక యాస దట్టించమన్నవారి సలహా. మీరు చూసిన సినిమానే దీనికి సమాధానం. యాసెమిన్ షామ్దెరెలి తీసిన ఆ చిత్రంలో హుసేన్ అనే తాత 1960ల్లో కూలిపనికి జర్మనీ వెళతాడు. 1961లో తుర్కీతో కుదిరిన ఒప్పందం ప్రకారం జర్మనీ అలా పనివాళ్ళని రప్పించుకుంది. 1964లో పది లక్షలవ విదేశీ పనివాడు వచ్చాడని కొలోన్ స్టేషన్లో సన్మానం చేసి చిన్న మోటారు బండి బహుమతిగా ఇచ్చారు. అది నిజంగా జరిగింది, అందుకున్నవాడు పోర్చుగీసు మనిషి. సినిమాలో మన హుసేన్ ఒక్క అంకె తేడాతో వెనకబడి పది లక్షల ఒకటోవాడవుతాడు. మనవడు చెంక్‌కి బళ్ళో కష్టం వస్తుంది: గోడ మీది ఐరోపా పటంలో వాడి తాత ఊరే లేదు. ‘మనం జర్మన్లమా, తుర్కులమా?’ అని ఇంటికొచ్చి అడుగుతాడు. అక్కడి నుంచి కుటుంబం కథ మొదలవుతుంది.

ఆ పాత రోజుల కథలో మాటల ఏర్పాటు గమనించారా? తుర్కీ కుటుంబం తమలో తాము మాట్లాడుకునేది ప్రేక్షకులకి చక్కని జర్మన్‌లో వినిపిస్తుంది. అసలు జర్మన్లు మాత్రం అర్థంపర్థం లేని ఒక కల్పిత భాషలో గలగలా మాట్లాడతారు. కొత్తగా దిగినవాళ్ళ చెవికి అది అలాగే వినిపించింది కదా! హాల్లో కూర్చున్న జర్మన్ ప్రేక్షకుడికి తన భాషే అర్థం కాదు. వాడు పగలబడి నవ్వుతూనే పరాయివాడి కష్టం తెలుసుకుంటాడు. వలస వచ్చినవాడి ఉచ్చారణని వెక్కిరించి ఈ నవ్వు పుట్టించలేరు. మన సినిమాల్లో చాలాకాలం మన మాట వంటవాడికో పనిమనిషికో దక్కింది, నవ్వించడానికి. మీ నాటికలోనైనా ఆ పని జరగకూడదు. కావాలంటే హైదరాబాదు అపార్ట్‌మెంటు సంఘం సమావేశాన్ని తాత చెవికి వినిపించినట్టు రాయండి. మెయింటెనెన్స్, పార్కింగ్, కార్పస్ ఫండ్ అంటూ వాళ్ళు గుక్క తిప్పుకోకుండా మాట్లాడనివ్వండి.

నిజమైన హాస్యం మన మాటలోనే బోలెడు ఉంది. తాత ‘మా గుంట కనపడ్నేదు’ అని కంగారుపడతాడు. మనకి గుంట అంటే ఆడపిల్ల. వాచ్‌మన్‌కి గుంట అంటే గొయ్యి, వాడు నేల వెతుకుతాడు. తాత ‘ఇస్కూలు బస్సు ఎల్లిపోనాది గావాల’ అంటాడు, కాబోలు అనే అర్థంలో. వాచ్‌మన్‌కి అది ‘కావాలి’ అని వినిపించి ఆటో పిలుస్తాడు. ఇక్కడ తాత మాట నిర్దుష్టం, వాచ్‌మనూ తెలివితక్కువవాడు కాడు. ఇద్దరి మధ్యా నవ్వు దానంతటదే పుడుతుంది.

మూడు తరాలకీ ఒకే మాట పెట్టకండి. ఇంట్లో మాట మారే తీరుకి ఒక వరస ఉంటుంది. పల్లెలో పెరిగిన తాత ‘సెప్పు’, ‘సూడు’, ‘ఎల్లు’ అంటాడు, ‘వచ్చీసినాను’ అంటాడు. విజయనగరంలో చదువుకున్న కొడుకు ‘చెప్పు’, ‘చూడు’ అంటాడు గానీ ‘వచ్చీసేను’, ‘తినీసేను’ మాత్రం వదలడు. చదువుతో ముందు పోయేది ‘చ’ బదులు పలికే ఆ సకారం. ‘వచ్చీసేను’లోని ‘ఈసు’ చాలా మొండిది, ఉద్యోగాల్లో పెద్దవాళ్ళయినా నోట నిలిచే ఉంటుంది. హైదరాబాదులో పుట్టిన మనవడు ‘వచ్చేశాను’ అంటాడు. కూర్చోబెట్టి చెప్పకుండానే, క్రియాపదాల్లోనే కుటుంబం ప్రయాణమంతా ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఆ పెద్దాయన దిద్దుబాటుని మనవడికి ఇచ్చేయండి, చక్కగా సరిపోతుంది.

మరో పాత్రని కూడా ఆలోచించండి. పక్కవాటాలో తెలంగాణ పెద్దాయన ఒకరుంటే ఆయన ‘నేనొచ్చిన’, ‘జెప్పిన’ అంటారు. ఆ ‘ఇన’ మన తాత ‘వచ్చినాను’లోని ‘ఇన’యే. రెండు దూరపు సీమల ముసలివాళ్ళు మెట్ల మీద కూర్చుని తడుముకోకుండా కబుర్లాడుకుంటారు. మధ్యలో మనవడే అటూ ఇటూ చూస్తుంటాడు. హైదరాబాదులో మన తాత ఒంటరివాడే అవుతాడన్న నియమం ఏమీ లేదు.

వలస మాటకొస్తే, నిస్సంకోచంగా వాడండి. మన ఊళ్ళలో ‘వలసెల్లిపోనారు’ అనే అంటారు. చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళే మత్స్యకారులనీ, భవన నిర్మాణ పనులకి వెళ్ళే కుటుంబాలనీ అందరూ అలాగే చెబుతారు. విమానమెక్కి వెళ్ళినవాళ్ళకి ‘ప్రవాసులు’, రైలెక్కి వెళ్ళినవాళ్ళకి ‘వలసకూలీలు’ అని పత్రికలు చేసే విభజన నాకు నచ్చదు. మీ నాటికలో ఆ తేడా పాటించకండి.

అర్థాల పట్టిక అక్కర్లేదు. యాస మాటలకి కొటేషన్ గుర్తులు కూడా తగిలించకండి, వాటిని పరాయివిగా చూపించడమే అవుతుంది. ‘బేగి’ అన్నది వేగం నుంచి వచ్చిన మాటే, తాత పరుగు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. రాతలో ఒక్క జాగ్రత్త చాలు: తాత మొదటి రంగంలో ‘సెప్పు’ అంటే చివరి రంగందాకా ‘సెప్పు’ అనే అనాలి. ‘వొచ్చీసినాను’ అని రాస్తారో, ‘వచ్చీసినాను’ అని రాస్తారో మీ ఇష్టం. రెండూ వాడకంలో ఉన్నవే, ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. వేషం కట్టే కుర్రాడు బొబ్బిలి వాడే అయితే, సాగదీత ఎక్కడో వాడికి మీరు చెప్పనక్కర్లేదు.