చీజ్ ఉబ్బితే రెన్నెట్‌ని తిట్టొద్దు, పాలను చూడు

నాయనా,

చీజ్ ఉబ్బిపోతోంది, పాలను గడ్డకట్టించే రెన్నెట్ మార్చాలా అని అడిగినావు. రెన్నెట్ జోలికి పోవద్దు. అది ఉబ్బింది ఎన్నో రోజునో ముందు చూసుకో.

అచ్చులో పెట్టిన రోజో మర్నాడో ఉబ్బి, కోస్తే స్పాంజిలా సన్నసన్న బొక్కలుంటే అది కోలీఫారం అనే బాక్టీరియా పని. పేడ అంటిన పొదుగు, సరిగా కడగని క్యాను దీనికి పుట్టిళ్లు. సరిగా కాస్తే ఇది చస్తుంది. కాచిన పాలతో చేసినా బొక్కలు పడ్డాయంటే ఆ తర్వాతే గరిటె నుంచో గుడ్డ నుంచో అంటింది. నెలా రెండు నెలలు మాగినాక ఉబ్బి, పగిలి, కంపు కొడితే దారి వేరు. అది క్లాస్ట్రీడియం అనే ఇంకో బాక్టీరియా. చెడిన పాతరగడ్డి (సైలేజ్) మేసిన ఆవు పేడలోంచి దాని బీజాలు పాలలో పడతాయి, పాశ్చరైజ్ చేసినా చావవు. చీజ్‌కు పాలిచ్చే ఆవులకు ఆ మేత మాన్పించు.

అసలు కల్చరే, అంటే పాలను పులిపించే తోడే, పనిచేయకపోతే పొదుగువాపు మందును అనుమానించు. ఆవుకు యాంటీబయోటిక్ వేసినాక లేబుల్ మీద రాసినన్ని రోజులు పాలు తీసుకోకూడదు. రైతురైతు పాలూ విడిగా గ్లాసుడు మరగ్గాచి, 40 డిగ్రీలకు చల్లార్చి, చెంచా పెరుగు తోడెయ్యి. మంచివని తెలిసిన పాలకూ అదే తోడేసి పక్కనే పెట్టు. ఐదారు గంటలకు అవి గట్టిపడి ఇవి నీళ్లగానే ఉంటే ఆ క్యాను వద్దు. మందు కొంచెమే ఉంటే ఈ పరీక్షకు దొరకదు, దానికి కిట్ కావాల్సిందే. తిరుపతి ఎండకు పులుపెక్కిన పాలలో సోడా కలిపి తెచ్చేవాళ్ల దగ్గర కూడా కొనొద్దు. ఆ పాలలో పులుపు నిదానంగా ఎక్కి లెక్కంతా తప్పుతుంది.

కూలర్‌లో మూడు రోజులున్న పాలూ పనికిరావు. చల్లదనంలోనూ సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. కాస్తే అది చస్తుంది గానీ, అది వదిలిన ఎంజైములు మిగిలి, మాగేకొద్దీ చీజ్‌ను చేదు చేస్తాయి. పొద్దుటి పాలు పొద్దున్నే వాడు.

పది లీటర్ల పాలను 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, వెంటనే 32కు దించు. మీసోఫిలిక్ (ఓ మోస్తరు వేడిలో పెరిగే) కల్చర్ వేసి 40 నిమిషాలు ఆగు. 2 గ్రాముల కాల్షియం క్లోరైడ్‌ను నీళ్లలో కరిగించి కలుపు. రెన్నెట్‌ను ప్యాకెట్ మీది కొలత ప్రకారం, కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి పోయి. కొళాయి నీళ్లలో క్లోరిన్ దాన్ని చంపుతుంది. మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసింది) అని రాసున్నదే కొను, తిరుపతిలో చీజ్ అమ్మేటప్పుడు రెన్నెట్ దూడ కడుపులోంచి తీసిందా అని అడగకుండా ఎవరూ కొనరు.

ముప్పావుగంట కదిలించొద్దు. తర్వాత కత్తిని ఏటవాలుగా దింపి పైకెత్తు. విరుగు నున్నగా చీలి, ఆ చీలికలో పచ్చటి తేట ఊరితే కోయి. తెల్లటి పాలనీళ్లు ఊరితే ఇంకో పది నిమిషాలు ఆగు. తొందరపడితే వెన్న ఆ నీళ్లలో పోతుంది.

ఉబ్బినవి అమ్మొద్దు, ఇంట్లోనూ తినొద్దు. రేపు గ్లాసులన్నీ వరసగా తోడుపెట్టి, ఏవి ఎన్ని గంటలకు గట్టిపడ్డాయో రాసి పంపు.