గులాబీ పెట్టె మీద ఎర్ర బార్‌కోడ్

పూర్ణా మార్కెట్ దగ్గర మా నాన్నగారి ఫ్యాన్సీ షాపులో గాజులు సర్దుతూ పెరిగినదాన్ని. 22 ఏళ్లుగా క్రీములకీ సబ్బులకీ పెట్టెలు, షాపులకి డిస్‌ప్లేలు చేయడమే నా పని. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబులు ఇస్తున్నాను. మొదటిది కాస్త పొడుగు, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, నేను విశాఖలో డిజైన్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. సౌందర్య ఉత్పత్తులకి ప్యాకింగ్, వాటిని షాపులో పెట్టే డిస్‌ప్లే చేయడం ఈ సెమిస్టర్ ప్రాజెక్టు. సున్నిపిండి, కుంకుడుకాయ షాంపూ, లిప్ బామ్ తీసుకున్నాను. ఏటికొప్పాక బొమ్మల రంగులతో చారలు చారలుగా చేశాను. స్క్రీన్ మీద చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తీరా ప్రింట్ తీశాక రంగులు చచ్చిపోయాయి, పెట్టె మూత పడటం లేదు. మా సార్ ‘ఇది పెట్టెకి చుట్టిన పోస్టర్’ అన్నారు. డిస్‌ప్లే ఇంకా మొదలే పెట్టలేదు. జ్యూరీకి, అంటే ప్రాజెక్టు చూసి మార్కులేసేవాళ్ల ముందు పెట్టడానికి, మూడు వారాలే ఉంది. ఇంట్లో ఏమో ‘సబ్బు డబ్బాల మీద బొమ్మలేయడానికా ఇంత ఫీజు’ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ముందు మీ సార్‌కి నా నమస్కారం చెప్పు తల్లీ. ఆ ఒక్క మాటతో ఆయన సగం పాఠం చెప్పేశారు.

ఏటికొప్పాక నుంచి రంగులు తెచ్చుకున్నావు, మూత అక్కడే వదిలేశావు. మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఆ ఊరి కుంకుమ భరిణె ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకో. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. రంగు సంగతి అది. ఇప్పుడు మూత తీసి చూడు. ‘టప్’మని చిన్న చప్పుడు వస్తుంది. మళ్లీ పెడితే ఎటు తిప్పినా సరిగ్గా కూర్చుంటుంది. బోర్లించినా కుంకుమ రాలదు. నడుం దగ్గర సన్నగా ఉంటుంది కాబట్టి తడి చేత్తో పట్టుకున్నా జారదు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీ రిపోర్టులో రాసే ఉంటావు. జ్యూరీ వాళ్లు అడగాల్సింది అది కాదు, ఆ భరిణె నుంచి నీ పెట్టె ఏం నేర్చుకుందని.

నీ మూత ఎందుకు పడలేదో చూడకుండానే చెప్పగలను. కాగితానికి మందం ఉంటుందని స్క్రీన్ నీకు చెప్పలేదు. 300 జీఎస్ఎం కార్డు (చదరపు మీటరు 300 గ్రాములు తూగేది) మందం ఇంచుమించు 0.4 మిల్లీమీటర్లు. ఒక్కో మడత దగ్గర ఆ మందం కొంత చోటు తినేస్తుంది. లోపలికి దూరే మూతని పెట్టె వెడల్పుకి సమానంగా గీశావనుకో, అది దూరదు. బలవంతంగా తోస్తే అంచు చిట్లి తెల్లగా బయటపడుతుంది. మూత అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు తగ్గించు. సీసా చుట్టూ కూడా ఆ మాత్రం ఖాళీ ఉండాలి.

ఈ వారం కంప్యూటర్ తెరవకు. మూడింటికీ తెల్ల డమ్మీలు, అంటే నమూనా పెట్టెలు చెయ్యి, ఒక్క గీత రంగు లేకుండా. మడత పెట్టే చోట, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో స్కేలు పెట్టి గట్టిగా గీసి అప్పుడు మడువు. ప్రెస్సులో క్రీజింగ్ అనేది అదే, వాళ్లు డై అనే అచ్చుతో చేస్తారు. డమ్మీలో సరుకు నింపి, మీ అమ్మగారి చేతికిచ్చి ‘తెరువమ్మా’ అని ఊరుకో. ఎటు నుంచి తెరవాలో ఆవిడ వెతుక్కుంటే తప్పు ఆవిడది కాదు.

రంగులు చచ్చిపోవడం పెద్ద విషయం కాదు. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు ఇంకులతో చూపించాలి. ఆ మెరిసే గులాబీ, చిలకాకుపచ్చ ఆ నాలుగింటితో రావు. ఫైలు మొదటి రోజు నుంచే సీఎంవైకేలో, అంటే ఆ నాలుగు ఇంకుల లెక్కలో పెట్టుకో, కోత చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదులు, అంటే కోత గీత దాటి అంత మేర రంగు సాగనివ్వు. రంగుల కన్నా నాకు భయం వేసేది తెలుగు అక్షరాలతో. ‘స్వచ్ఛమైన’ అన్న మాట ఆరు పాయింట్లలో, ముదురు రంగు మీద తెల్లగా వేసి చూడు. ‘చ్ఛ’ కింద ఒత్తు ఇంకుతో పూడుకుపోయి ఈగ వాలినట్టు కనిపిస్తుంది. ఇంగ్లీషుకి పెట్టినంత వరస ఎడం తెలుగుకి చాలదు. పై వరస ఒత్తులూ కింది వరస గుడులూ కొట్టుకుంటాయి. చిన్న అక్షరాలు లేత రంగు మీద ఒక్క నల్ల ఇంకుతోనే వెయ్యి. ప్రెస్సుకి పంపేముందు అక్షరాలన్నీ కర్వ్స్ చెయ్యి, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చు. లేకపోతే నీ ఫాంట్ వాళ్ల మెషీన్‌లో ఉండదు, ‘కుంకుడుకాయ’ ముక్కలు ముక్కలై వస్తుంది.

ఇక నా తప్పొకటి చెబుతాను, నీకు పనికొస్తుంది. పనిలో చేరిన మొదటి ఏడాది గులాబీ పరిమళం ఉన్న ఫేస్ క్రీముకి పెట్టె చేశాను. లేత గులాబీ రంగు పెట్టె. నల్ల బార్‌కోడ్ దాని మీద దిష్టిచుక్కలా ఉందని ముదురు ఎరుపులో వేశాను. ఎంత ముద్దొచ్చిందో! 2,000 పెట్టెలు అచ్చయ్యాయి. సూపర్ మార్కెట్ బిల్లింగ్ దగ్గర ఒక్కటీ స్కాన్ కాలేదు. స్కానర్ వెలుతురు ఎరుపు. ఎర్ర గీతలు దానికి తెల్లగానే కనిపిస్తాయి. కౌంటర్ దగ్గర అమ్మాయి 890 నుంచి మొదలుపెట్టి 13 అంకెలూ చేత్తో కొట్టుకుంటూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. రెండు రాత్రులు మా అమ్మా నేనూ కింద కూర్చుని ప్రతి పెట్టెకీ తెల్ల స్టిక్కర్ అంటించాం. మా అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. కాబట్టి తెలుపు మీద నలుపు, చుట్టూ కాస్త ఖాళీ. లిప్ బామ్ లాంటి సన్నటి గొట్టం మీదైతే గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా రావాలి. నిలువుగా పెడితే ఒంపులో సగం గీతలు వెనక్కి దాక్కుంటాయి.

వెనక వైపు ఏం రాయాలో కూడా ఇప్పుడే కూర్చోబెట్టు, చివర్లో ఇరికించకు. తూనికలు కొలతల శాఖ అమలుచేసే 2011 ప్యాకేజీ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, ఏడాది, అన్ని పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, వినియోగదారు ఫిర్యాదు చేయాల్సిన వివరాలు ఉండాలి. కాస్మెటిక్స్ నిబంధనలు, 2020 ప్రకారం బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలో, ఏమేం కలిపారో రావాలి. కలిపినవాటిని ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరుసలో రాస్తారు. ఇవన్నీ నీ లిప్ బామ్ గొట్టం మీద పడతాయా? పడవు. అందుకే దానికి వెనక కార్డు కావాలి. కార్డు పైన కన్నం పెడితే హుక్కుకి వేలాడుతుంది. నియమాలు నెత్తిన పడ్డాయని విసుక్కుంటాం గానీ, సగం డిజైన్ వాటి నుంచే పుడుతుంది.

మన ఊరి గాలిని కూడా లెక్కలోకి తీసుకో. ఒక వైపే లామినేషన్ చేసిన కార్డు రెండో వైపు తేమ పీల్చి ఉబ్బి, మెరిసే వైపుకి వంగిపోతుంది. బీచ్ వైపు షాపుల్లో వంగిన మూతలు కావలసినన్ని చూశాను. సున్నిపిండికి ఒట్టి కాగితం పెట్టె చాలదు. లోపల తేమ చొరని పౌచ్ ఉండాలి, లేకపోతే గడ్డ కడుతుంది, పురుగు పడుతుంది. షాంపూ సీసా బాత్రూంలో ఉండేది కాబట్టి కాగితం స్టిక్కర్ వద్దు, ప్లాస్టిక్ ఫిల్మ్ స్టిక్కర్ వెయ్యి. రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టి పొద్దున్న గోటితో గీకి చూడు. ఆ ఫొటో జ్యూరీకి చూపించు, వంద స్లైడ్ల పెట్టు.

డిస్‌ప్లే దగ్గరికి వద్దాం. మొదలుపెట్టకపోవడమే మంచిదైంది. రేపు సాయంత్రం పూర్ణా మార్కెట్ వైపు ఏదైనా ఫ్యాన్సీ షాపు ఎదురుగా ఒక గంట నిలబడు, ఎల్లుండి ద్వారకా నగర్‌లో ఏసీ షోరూమ్‌కి వెళ్లు. ఏసీ షోరూమ్‌లో కస్టమర్ తనే తీసి చూసుకుంటుంది. ఫ్యాన్సీ షాపులో సరుకంతా కౌంటర్ వెనక, ఆరడుగుల దూరంలో. పెట్టె ముందు ముఖం కూడా కనబడదు, పేర్చిన పెట్టెల చివరలు కనబడతాయి. నీ సున్నిపిండి పేరు ఆ చివర మీద ఉందా? లేదు కదూ. కౌంటర్ మీద మిగిలేది జానెడు చోటు. అక్కడే కాలిక్యులేటర్, టీ గ్లాసు, చిల్లర డబ్బా, వాటి పక్కన పది కంపెనీల ట్రేలు. నీ స్టాండు జానెడు దాటితే రెండో రోజే బల్ల కిందకి పోతుంది. కొంచెం ఏటవాలుగా చెయ్యి, ముందుది తీస్తే వెనకది జారి రావాలి. ఇంకో మాట, ఎవరూ పట్టించుకోనిది. స్టాండు వీపు రోజంతా చూసేది షాపు యజమాని. ఆ వైపు తెల్లగా వదిలేయకు. ధర, ఎన్ని మిగిలాయో తెలిసే గీత, ఆర్డరుకి నంబరు వెయ్యి. ఆయనకి పనికొచ్చే స్టాండుని ఆయన పారేయడు. ముడతల అట్టతో చేస్తే లోపలి గొట్టాలు నిలువుగా ఉండేలా కొయ్యి, అడ్డంగా కోస్తే బరువుకి కూలబడుతుంది.

ఇంట్లో వాళ్లకి షాంపూ సాషే కథ చెప్పు. తమిళనాడులోని కడలూరుకి చెందిన చిన్ని కృష్ణన్ షాంపూని చిన్న సాషేల్లో నింపి అమ్మారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. పల్లెల్లో కిరాణా కొట్ల ముందు దండలు దండలుగా వేలాడింది ఆ సాషేనే. సీసా కొనలేనివాళ్ల తల మీదికి షాంపూని తీసుకెళ్లింది ప్యాకింగే. అప్పటికీ ఒప్పుకోకపోతే వాదించకు, మూత సరిగ్గా పడే డమ్మీ చేతిలో పెట్టు.

ప్రశ్న: మేడమ్ గారూ, మేం నలుగురం ఆడవాళ్లం నలుగుపిండి చేసి అమ్ముదామనుకుంటున్నాం. మొదట 100 పెట్టెలు చాలు. ప్రెస్సు వాళ్లు 1,000కి తక్కువైతే గిట్టదంటున్నారు. పెట్టె మీద ‘వారంలో తెల్లబడతారు’ అని వేయమని ఒకరు సలహా ఇచ్చారు. వేయొచ్చా?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: ప్రెస్సు వాళ్లు మిమ్మల్ని ఏడిపించడం లేదండీ. ప్లేట్లకీ, డైకీ అయ్యే ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే. వందకి పంచితే పెట్టె ధర పిండి ధరని మించిపోతుంది. రెడీమేడ్ ఖాళీ పెట్టెలు కొనండి. డిజిటల్ ప్రింట్‌లో ఒక పట్టీ వేయించి నడుముకి చుట్టండి. వివరాలన్నీ ఆ పట్టీ మీదే వస్తాయి, రేపు ధర మారినా పట్టీయే పోతుంది. పట్టీ పెట్టె అంచు మీద అతకనివ్వకండి, వెనక మధ్యలో అతికించండి, ఊడదు.

తెల్లబడతారన్న మాట మాత్రం వద్దు. కొనేవాళ్లని తప్పుదోవ పట్టించే మాట లేబుల్ మీద ఉండకూడదని కాస్మెటిక్స్ నిబంధనలే చెబుతున్నాయి. నా మటుకు నాకైతే ఆ మాట చూస్తేనే ఒళ్లు మండుతుంది. మా షాపుకి వచ్చిన ఎంతమంది ఆడపిల్లలు ఆ మాట చదివి తల దించుకున్నారో నేను చూశాను. ‘పెసలు, కచ్చూరాలు, పసుపు’ అని లోపల ఉన్నవే పెద్దక్షరాల్లో వేయండి. అన్నట్టు, అమ్మకానికి కాస్మెటిక్స్ తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి లైసెన్సు ఉండాలి. పెట్టెల కన్నా ముందు ఆ పని చూడండి.

ప్రశ్న: నాది చిన్న ఫ్యాన్సీ షాపు. కొత్తగా అద్దాల బీరువాలో లైట్లు పెట్టించాను. లిప్‌స్టిక్‌లు మెత్తబడుతున్నాయి. పైగా ‘ఇక్కడ చూసిన రంగు వేరు, ఇంటికెళ్లాక వేరు’ అని తిరిగి తెస్తున్నారు.
– ఒక వ్యాపారి, భీమిలి

జవాబు: అన్నగారూ, ఆ లైట్లు హాలోజన్‌వి అయి ఉంటాయి. మూసిన బీరువాలో వాటి వేడికి మైనం మెత్తబడకేం చేస్తుంది? ఎల్ఈడీ పట్టీలు వేయించండి, పట్టీతో పాటు ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌ని బీరువా బయట పెట్టించండి, దానికీ వేడి ఉంటుంది. కొనేటప్పుడు సీఆర్ఐ 90 పైన ఉన్నవి అడగండి, అంటే రంగుని ఉన్నదున్నట్టు చూపించేవి. మరీ పసుపువీ, మరీ నీలం తెలుపువీ కాకుండా 4,000 కెల్విన్ దగ్గరవి తీసుకోండి. పసుపు లైటు కింద ఎరుపులన్నీ అందంగానే ఉంటాయి, గొడవంతా ఇంటికెళ్లాకే. స్క్రూలు స్టీలువి వేయించండి, భీమిలి గాలికి ఇనుపవి ఏడాది తిరక్కుండా తుప్పు కారుతాయి. యాక్రిలిక్ ట్రేలని స్పిరిట్‌తో తుడవకండి, సన్నటి పగుళ్లు పడతాయి. సబ్బు నీళ్లూ మెత్తటి గుడ్డా చాలు.

ఇంకో చిన్న అద్దం కొని గుమ్మం పక్కన, పగటి వెలుతురు పడేచోట తగిలించండి. టెస్టర్ చేతి మీద రాసుకున్న అమ్మాయిని ‘అక్కడికెళ్లి చూసుకోమ్మా’ అనండి.