తుపాకీ ప్రభుత్వానిది, వేలు పౌరుడిది: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: ఒక ప్రభుత్వం తన సైన్యాన్ని పంపకుండా మామూలు పౌరులకు ఆయుధాలూ డబ్బూ ఇచ్చి వాళ్లచేత హత్యలు చేయిస్తే, అంతర్జాతీయ నేర న్యాయం ప్రకారం ఆ ప్రభుత్వాన్ని దోషిగా నిలబెట్టవచ్చా? మా తరగతిలో ఒకరు నిలబెట్టవచ్చన్నారు, మరొకరు వీల్లేదన్నారు.
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఇద్దరి మాటా సగం నిజమే. ఇద్దరూ రెండు వేర్వేరు కోర్టులను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. నేర న్యాయం బోనులో నిలబెట్టేది మనిషిని. అంతర్జాతీయ నేరాలు చేసేది మనుషులే తప్ప అమూర్తమైన సంస్థలు కావని 1946లో, నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ ట్రైబ్యునల్ అన్న మాట నేటికీ చెల్లుతోంది. 1998 నాటి రోమ్ ఒడంబడిక ద్వారా ఏర్పడిన అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వ్యక్తులను మాత్రమే విచారిస్తుంది. అయితే ఆ విచారణ రాజ్యాల బాధ్యతను తుడిచివేయదని అదే ఒడంబడిక 25వ అధికరణం చెబుతుంది. రాజ్యాన్నే నిలదీయాలంటే హేగ్ నగరంలోనే ఉన్న మరో కోర్టుకు, అంటే అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాలి. అక్కడ వాదీ ప్రతివాదీ ఇద్దరూ దేశాలే. తప్పు జరిగిందని తేలితే వచ్చేది జైలు శిక్ష కాదు. తప్పు ఫలానా దేశానిదన్న ప్రకటన, ఆపమన్న ఆదేశం, నష్టపరిహారం. రాజ్యానికే 'నేరం' అంటగట్టాలన్న ఆలోచన ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం 1976లో రాజ్యాల బాధ్యత మీద ఆమోదించిన ముసాయిదా అధికరణంలో ఉండేది గానీ, 2001 నాటి తుది పాఠంలో దానికి చోటు దొరకలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. పౌరుడు కాల్చిన తూటా రాజ్యం కాల్చినట్టు ఎప్పుడవుతుంది? రాజ్యం ఆదేశం మీద గానీ, నడిపింపులో గానీ, అదుపులో గానీ జరిగిన పని రాజ్యం చేసినట్టేనని 2001 పాఠంలోని 8వ అధికరణం అంటుంది. ఈ మూడింటిలో 'అదుపు' అన్న మాట ఎంత దూరం సాగుతుందన్నదే గొడవ.

నికరాగువా కేసు చూడండి. నికరాగువా ప్రభుత్వం మీద పోరాడుతున్న కాంట్రా తిరుగుబాటుదారులకు అమెరికా డబ్బు, ఆయుధాలు, శిక్షణ ఇచ్చింది. న్యాయమూర్తులను, పోలీసు అధికారులను ఎంచి 'అడ్డు తొలగించడం' గురించి చెప్పే కరదీపికను కూడా సి.ఐ.ఎ. తయారుచేసి పంచింది. అయినా 1986 జూన్ 27 నాటి తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం, కాంట్రాలు చేసిన అకృత్యాలను అమెరికా ఖాతాలో వేయలేదు. ఆ అకృత్యాలు జరిగిన చర్యల మీద అమెరికాకు నేరుగా అదుపు ఉన్నట్టు రుజువు కావాలని, అది లేదని తేల్చింది. ఓడరేవుల్లో మందుపాతరలు పెట్టడం, కాంట్రాలను పోషించడం, ఆ కరదీపికతో ప్రోత్సహించడం అనే తన సొంత పనులకు మాత్రమే అమెరికా జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

పదమూడేళ్ల తర్వాత, 1999 జూలైలో, టాడిచ్ అనే బోస్నియా సెర్బు నిందితుడి కేసులో, 1990ల నాటి యుగోస్లావియా యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి పెట్టిన యుగోస్లావియా ట్రైబ్యునల్ అప్పీళ్ల విభాగం ఈ కొలబద్దను తప్పుబట్టింది. సైన్యంలాగా శ్రేణులతో నడిచే దళమైతే ఒక్కొక్క చర్యకూ ఆదేశం చూపనక్కరలేదని, దళం మొత్తం మీద అదుపు ఉంటే చాలని అంది. అయితే 2007 ఫిబ్రవరి 26న సెర్బియా మీద బోస్నియా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం మళ్లీ మొదటికే వచ్చింది: యుద్ధం రెండు దేశాల మధ్యదా కాదా అని తేల్చడానికి ట్రైబ్యునల్ కొలత పనికొస్తే రావచ్చు గానీ, రాజ్యం బాధ్యతకు పనికిరాదని స్పష్టం చేసింది.

ఆ కేసులో 'స్కార్పియన్స్' అనే సెర్బు సాయుధ దళం ప్రస్తావన వస్తుంది. 2005 జూన్‌లో సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ విచారణలో చూపిన వీడియోలో, 1995లో బోస్నియా ముస్లింల ఊచకోత జరిగిన స్రెబ్రెనిత్సా నుంచి తెచ్చిన ఆరుగురిని ఈ దళం వాళ్లు ట్రక్కులోంచి దింపి, చేతులు వెనక్కి కట్టి ట్రనోవో దగ్గర నడిపించుకు వెళతారు. వాళ్లలో ఇంకా మీసాలు రాని కుర్రాళ్లూ ఉన్నారు. నలుగురిని కాల్చాక, మిగిలిన ఇద్దరిచేత ఆ శవాలను మోయించి, తర్వాత వాళ్లనూ కాల్చేస్తారు. అదే వీడియో మొదట్లో ఒక మతగురువు ఆ దళాన్ని ఆశీర్వదిస్తూ కనిపిస్తాడు. ఇంత కళ్లెదుట ఉన్నా, 1995 నడిమి నాటికి స్కార్పియన్స్ సెర్బియా ప్రభుత్వ అంగమేనన్న రుజువు తనకు చాలలేదని న్యాయస్థానం అంది.

నా ఉద్దేశంలో ఈ కొలబద్ద కట్టుదిట్టమైనదే గాని న్యాయమైనది కాదు. ఒకరి భుజం మీద తుపాకీ పెట్టి కాల్చేవాడు కాగితం మీద ఆదేశం రాసి ఎందుకిస్తాడు? ఎంత జాగ్రత్తగా దూరం పాటిస్తే రాజ్యానికి అంత రక్షణ దొరుకుతోంది.

ప్రశ్న: అలాగైతే దళాలను పోషించిన దేశం ఏ శిక్షా లేకుండా తప్పించుకున్నట్టేనా?
– ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: పూర్తిగా తప్పించుకోలేదు. అదే 2007 తీర్పులో న్యాయస్థానం, జాతి హననం చేసింది సెర్బియా కాదంటూనే, ఆపగలిగిన పలుకుబడి ఉండి కూడా ఆపే ప్రయత్నం చేయలేదని, ఆ తర్వాత నిందితుడు, బోస్నియా సెర్బుల సేనాధిపతి రాట్కో మ్లాదిచ్‌ను ట్రైబ్యునల్‌కు అప్పగించలేదని తప్పుపట్టింది. చేయించిన నేరానికి కాకపోయినా, చూస్తూ ఊరుకున్న తప్పుకు దొరికిపోవడమన్నమాట. నష్టపరిహారం మాత్రం ఇప్పించలేదు. తీర్పులోని ప్రకటనే చాలునంది. కొడుకులను పోగొట్టుకున్న తల్లులకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవలసిందే.

ఇంకొక దారి కూడా ఉంది. 1979 నవంబరులో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించినప్పుడు, మొదట అది ఇరాన్ ప్రభుత్వం చేసిన పని కాదు. ఇరాన్ అధినేత ఖొమైనీ దాన్ని బహిరంగంగా సమర్థించి, బందీలను వదిలేది లేదని ప్రకటించాక, అది ప్రభుత్వ చర్యే అయిపోయిందని 1980లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఎవరో చేసిన పనిని రాజ్యం ఆ తర్వాత తనదిగా చేసుకున్నా బాధ్యత వచ్చి మీద పడుతుంది.

మనుషుల విషయానికొస్తే, సెర్బియా రాజ్య భద్రతా విభాగాన్ని నడిపిన స్టానిషిచ్, అందులోని ప్రత్యేక దళాన్ని నడిపిన సిమాటోవిచ్ 2013లో నిర్దోషులుగా బయటపడ్డారు, మళ్లీ విచారణ ఎదుర్కొన్నారు, చివరికి 2023 మే నెలలో పదిహేనేళ్ల చొప్పున శిక్షపడింది. రాజ్యం మీద 2007లో తెగని ముడి పదహారేళ్లకు ఇద్దరు అధికారుల మీద తెగింది. ఇక కొన్ని కేసులు అదుపు ప్రశ్న దాకా కూడా రావు. తమ దేశంలోని ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆయుధాలు ఇస్తోందంటూ సూడాన్ వేసిన కేసును, వివాదాలను ఈ న్యాయస్థానానికి తేవచ్చనే జాతి హనన ఒప్పందంలోని 9వ అధికరణాన్ని ఎమిరేట్స్ ముందే మినహాయించుకుందన్న కారణంతో న్యాయస్థానం 2025 మేలో జాబితా నుంచి తొలగించింది. మన దేశం కూడా ఆ అధికరణంపై మినహాయింపు పెట్టుకుందని గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: సల్వాజుడుం రోజుల్లో ఊళ్లొదిలి మా వైపు అడవుల్లోకి వచ్చినవాళ్లు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు. ఆ దళాల సంగతి ఈ చట్టం కింద ఎలా ఉంటుంది?
– ఒక పాఠకుడు, భద్రాచలం

జవాబు: 2005లో బస్తర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వాజుడుంను ప్రజల ఉద్యమమని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం చెప్పుకుంది. ఆ వాదన నిలిస్తే, పైన చెప్పిన అదుపు పరీక్ష అంతా దాటాలి. అయితే అందులోని గిరిజన యువకులను పోలీసు చట్టం కింద స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా నియమించి, చేతికి తుపాకీ ఇచ్చి, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం చెల్లించారు. నియామకపు కాగితం ఉన్నాక ఎస్పీవో మామూలు పౌరుడు కాడు, రాజ్యం అంగమే. అతని పని రాజ్యం పనే. ఏ పరీక్షా అక్కరలేదు.

అయినా దాన్ని వినే అంతర్జాతీయ కోర్టు లేదు. రోమ్ ఒడంబడికలో భారత్ చేరలేదు, అంతర్జాతీయ న్యాయస్థానానికి వ్యక్తులు వెళ్లలేరు. అందువల్ల ఊరట మన రాజ్యాంగం నుంచే రావలసి వచ్చింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో, తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ ధర్మాసనం, చదువూ శిక్షణా అంతంతమాత్రంగా ఉన్న యువకులను ఇలా పోరులోకి దింపడం సమానత్వం, జీవించే హక్కు గురించిన రాజ్యాంగ 14, 21 అధికరణాలకు విరుద్ధమని, ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. కొన్ని నెలలకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు దళాల చట్టం తెచ్చింది. అది కోర్టు ధిక్కారమన్న పిటిషన్‌ను, శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదంటూ సుప్రీంకోర్టు 2025 మేలో ముగించింది. అంతర్జాతీయ న్యాయం కోణంలో చూస్తే ఆ చట్టం చేసిన పని ఒకటుంది: ఆ దళాలు తనవి కావని రాజ్యం అనడానికి మిగిలిన కాస్త సందు కూడా మూసేసింది.