సమాధానం: యూరియా పెంచినా దిగుబడి తగ్గుతోంది

అన్నా, పర్లాకిమిడి దగ్గర మీ ఎర్ర నేలలో పదేళ్లుగా యూరియా, డీఏపీయే వేస్తున్నారు, బస్తా పెంచినా వరి గింజ తగ్గుతోంది, ముదురాకుల అంచులు కొస నుంచి ఎండుతున్నాయి అన్నారు. నా అనుమానం పొటాష్ లోటు మీదే. యూరియాలో ఉండేది నత్రజని, డీఏపీలో నత్రజని, భాస్వరం; పొటాష్ రెంటిలోనూ అసలుండదు. వరి లాగిన పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది, ఆ గడ్డేమో ఏటా అమ్మేస్తున్నారు!

1970లో మొదలైన దీర్ఘకాలిక ఎరువుల పరిశోధనలకు భువనేశ్వర్ కూడా ఒక కేంద్రం. ఇలాంటి ప్రయోగాల్లో ఒట్టి నత్రజని వేసిన మళ్లు ఏళ్లు గడిచేకొద్దీ వెనకబడ్డాయి, నత్రజని, భాస్వరం, పొటాష్ మూడింటితోపాటు గెత్తం (పశువుల ఎరువు) పడినవి నిలబడ్డాయి.

బాగా మాగిన గెత్తం ఎకరాకు నాలుగు టన్నులు తోలితే సుమారు 20 కిలోల నత్రజని, అంటే దాదాపు ఒక యూరియా బస్తా. కానీ మొదటి పంటకు అందేది కొంతే, కాబట్టి యూరియా ఒక్కసారిగా మానేయకండి. గెత్తం దొరక్కపోతే పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూతకు ముందే కలియదున్నండి.

ముందు మట్టి పరీక్ష చేయించండి. నేల పులుపును చెప్పే పీహెచ్ అంకె 5.5 కంటే తక్కువుంటే సున్నం కావాలి. దాన్ని గెత్తంతో, యూరియాతో కలిపి మాత్రం వేయొద్దు, నత్రజని గాలికి పోతుంది. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, డోసు చూద్దాం.