వెన్నుపాము దెబ్బ తర్వాత వదలని నొప్పికి ఫిజియోథెరపీ పనికొస్తుందా?

మీ తమ్ముడికి వెన్నుపాము దెబ్బతిని రెండేళ్లయినా కాళ్లలో మంట, భుజాల నొప్పి తగ్గట్లేదని, ఫిజియోథెరపీ మాన్పించేద్దామా అని అడిగారు. నాకు నడుము పైభాగంలో దెబ్బ తగిలి తొమ్మిదేళ్లు, వీల్‌చైర్‌లోనే ఉంటాను. మాన్పించకండి. కాకపోతే ఏ నొప్పి కోసం వెళ్తున్నారో ముందు తేల్చుకోండి.

కాళ్లలో మంట, కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం నరాల నొప్పి. స్పర్శే తెలియని కాళ్లు మండటమేంటని మా ఇంట్లో కూడా నమ్మలేదు. ఏడాది పాటు దాన్ని వ్యాయామంతో పోగొట్టుకోవాలని చూశాను, పోలేదు. కీళ్లు బిగుసుకోకుండా మాత్రం కాపాడింది. మంటకు కాస్త ఉపశమనం ఇచ్చింది డాక్టరు రాసిన ప్రెగాబలిన్. కొత్తలో బాగా మగతగా ఉండేది.

భుజం నొప్పి సంగతి వేరు. నాకు పనిచేసింది అక్కడే. రెండోసారి వెళ్లిన థెరపిస్టు భుజం ముట్టుకోకముందే, "మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారతారో చూపించండి" అన్నారు. చూపించాను. చేయి దూరంగా చాపి, భుజం చెవిదాకా లేపి, ఒంటి బరువంతా దాని మీదేసి దూకుతున్నానట! రోజుకు పది పన్నెండు సార్లు అదే పని. ఇక భుజం ఏం కావాలి? చేయి ఒంటికి దగ్గరగా పెట్టి, బాగా ముందుకు వంగి జరగడం నేర్పించారు. కుర్చీ వెనక చక్రాలను కొంచెం ముందుకు బిగింపించారు (అలా చేస్తే కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది, ఆపే చిన్న చక్రాలు ఉండాలి). టకటకా తోయకుండా పొడవుగా, నిదానంగా తోయమన్నారు. పిరుదుల మీద ఒత్తిడి తగ్గించడానికి చేతులతో పైకి లేవడం మానిపించి, మోకాళ్ల మీదికి వాలమన్నారు. రబ్బరు బ్యాండును వెనక్కి లాగే వ్యాయామం రోజూ ఇంట్లోనే. మూడు నెలలకు ఆ పక్కకు తిరిగి పడుకోగలిగాను.

స్పర్శ లేని చోట వేడినీళ్ల సంచి పెట్టకండి. నా తొడ మీద లేచిన బొబ్బ మానడానికి నెలన్నర పట్టింది, అదీ నా తెలివితక్కువతనమే.

మంట ఒక్కసారిగా పెరిగితే మూత్రం నిలిచిందా, మలబద్ధకం ఉందా, ఎక్కడైనా పుండు పడిందా చూడండి. నాకు చాలాసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షనే కారణం. తిమ్మిరి పైకి పాకుతున్నా, చేతుల్లో బలం తగ్గుతున్నా ఫిజియో దగ్గరికి కాదు, నేరుగా డాక్టరు దగ్గరికే. దెబ్బ ఛాతీ మధ్యభాగంలో గానీ ఆ పైన గానీ అయితే, ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, చెమటలు, బీపీ పెరగడం ఎమర్జెన్సీ. వెంటనే కూర్చోబెట్టి, మూత్రం గొట్టం మడత పడిందేమో చూస్తూ ఆస్పత్రికి బయల్దేరండి.

ఈసారి వెళ్లేటప్పుడు తమ్ముడు కుర్చీలోకి మారడం ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి. మా థెరపిస్టు ఇప్పటికీ నన్ను అదే అడుగుతుంటారు.