మరిగే నీళ్లలో తెగేది ఏ బంధం?

ప్రశ్న: నీళ్లు మరిగితే బంధాలు తెగుతాయని మా అబ్బాయి పరీక్షలో రాస్తే మార్కు కొట్టేశారు. తెగకపోతే ఆవిరి ఎలా అవుతుంది? పోనీ తెగుతాయనుకుంటే హైడ్రోజన్ బయటికొచ్చి పొయ్యి మంటకి అంటుకోవాలి కదా?

జవాబు: మీ చివరి మాటలోనే సగం జవాబుంది. నిజంగా హైడ్రోజనే వస్తుంటే గిన్నె మీద భగ్గుమనాల్సిందే. కానీ మూత తీసి చూడండి, లోపలివైపు బొట్లు బొట్లుగా ఉండేవి నీళ్లే, అంటే ఆవిరైనా అణువు చెక్కుచెదరలేదు. (వేడెక్కడం మొదలవగానే గిన్నె గోడలకి అంటుకుని కనిపించే చిన్న బుడగలు నీళ్లలో కరిగి ఉన్న గాలి. తర్వాత అడుగు నుంచి తెర్లుతూ లేచే పెద్ద బుడగల్లో ఉండేది నీటి ఆవిరి.)

గొడవంతా బంధం అన్న మాటతోనే. అణువు లోపల ఆక్సిజన్‌నీ హైడ్రోజన్‌నీ కలిపి ఉంచేది సమయోజనీయ బంధం, అది చాలా గట్టిది, ఒక మోల్ బంధాలు (మోల్ అంటే అణువుల్నీ బంధాల్నీ లెక్కపెట్టడానికి వాడే ఒక పెద్ద సంఖ్య) తెంచాలంటే దాదాపు 460 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఒక అణువులోని హైడ్రోజన్‌కీ పక్క అణువులోని ఆక్సిజన్‌కీ మధ్య ఉండే లాగుడు వేరు. దాన్ని హైడ్రోజన్ బంధం అంటారు, దానికి 20 కిలోజౌళ్ల చుట్టుపక్కల సరిపోతుంది. పొయ్యి వేడికి వదిలేది ఇదే.

బలహీనమే కదా అని తీసిపారేయకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ అణుభారం 34, నీటిది 18 మాత్రమే. బరువైనదే ఎక్కువ వేడికి మరగాలనిపిస్తుంది కానీ అది మైనస్ 60 డిగ్రీలకే మరిగిపోతుంది, ఎందుకంటే సల్ఫర్‌కి ఆక్సిజన్‌లా ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే శక్తి లేదు, అందుకే అణువుల మధ్య ఆ పట్టు కుదరదు. నాకు ఇంకా నచ్చే ఉదాహరణ ఇథనాల్, డైమిథైల్ ఈథర్. రెండింటిలోనూ అవే పరమాణువులు, అన్నే. ఇథనాల్‌లో ఆక్సిజన్‌కి ఒక హైడ్రోజన్ అంటుకుని ఉంటుంది, ఈథర్‌లో ఆక్సిజన్ రెండు కార్బన్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఆ కాస్త తేడాకే ఒకటి 78 డిగ్రీల దగ్గర, రెండోది మైనస్ 24 దగ్గర మరుగుతాయి.

ఉప్పు కథ వేరు. అందులో విడి అణువులే ఉండవు, అంతా అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) అల్లికే, నీళ్లలో కాకుండా వేడితో కరిగించాలంటే అసలు బంధంతోనే తలపడాలి, అందుకే 801 డిగ్రీలు కావాలి.

మీ అబ్బాయి "అణువుల మధ్య ఉన్న" అన్న మూడు మాటలు ముందు చేర్చి ఉంటే మార్కు వచ్చేది. అయినా మొత్తం కొట్టేయడం కాస్త అన్యాయమే, అర మార్కైనా వేయాల్సింది.