స్టాండ్-ఇన్ పనికి వెళ్ళేవారు ఏం వేసుకోవాలి, వెంట ఏం తీసుకెళ్ళాలి?

అమెరికాలోని అట్లాంటా చుట్టుపక్కల సినిమాల, టీవీ సీరియళ్ళ చిత్రీకరణ జరుగుతుంటుంది కాబట్టి, ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళలో కొందరు స్టాండ్-ఇన్ పని, అంటే లైటింగ్ సర్దేటప్పుడు నటీనటుల బదులు నిలబడే పని గురించి అడుగుతుంటారు. బట్టల కంటే ముందు కాగితాలు చూసుకోవాలి. ఇది జీతమిచ్చే ఉద్యోగమే కనుక ఇక్కడ పనిచేసే అర్హత ఉందని చూపే ఐ-9 ఫారం నింపిస్తారు. గ్రీన్ కార్డైనా, పని అనుమతి కార్డైనా అసలుదే చూపాలి, ఫోన్‌లోని ఫొటో చెల్లదు. హెచ్-1బి ఉద్యోగ వీసా వారు తమకోసం పిటిషన్ వేసిన యజమానికి తప్ప మరొకరికి పనిచేయకూడదు. ఎఫ్-1 విద్యార్థులు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయకూడదు. ఒక్కరోజు సరదాగా వెళ్ళివచ్చినా వీసాకు ముప్పే. పని అనుమతి కార్డున్న హెచ్-4 వారు (హెచ్-1బి వారి భార్య లేదా భర్త) నిశ్చింతగా వెళ్ళవచ్చు.

స్టాండ్-ఇన్ తెరమీద కనబడరు. నటి మేకప్‌లో ఉన్నంతసేపు ఆమె నిలబడవలసిన చోట మీరు నిలబడితే, కెమెరామన్ మీ మీద లైటింగ్ సర్దుకుంటాడు. అందుకే ముఖం అందం కంటే ఎత్తు, ఒంటి రంగు, జుట్టు రంగు చూసి తీసుకుంటారు. నటి ముదురు నీలం కోటులో ఉండబోయే షాట్‌కు మీరు తెల్ల చొక్కాతో నిలబడితే, ఆ తెలుపు వెలుతురును గడ్డం కిందికి తిప్పికొట్టి ఆయన లెక్క తప్పిస్తుంది. ఏ రంగు వేసుకోవాలో ముందురోజే చెబితే సరే, లేకుంటే ముదురు, లేత, మధ్యరకం రంగుల్లో సాదా చొక్కాలు మూడు సంచిలో పెట్టుకోండి. ఒక్కోసారి కాస్ట్యూమ్స్ వారే నటి దుస్తుల రంగులో పై చొక్కా ఇస్తారు, కాబట్టి లోపల పల్చటివి వేసుకోవడం సుఖం.

జరీ, అద్దాల పని, పెద్ద అక్షరాలు అచ్చేసిన టీషర్టు పనికిరావు. తలకు కొబ్బరినూనె కూడా ఆ రోజుకు మానుకోండి. పైనుంచి పడే దీపానికి పాపిట తళతళలాడితే, నటి జుట్టుకు లేని మెరుపు మీ జుట్టుకు వస్తుంది. గాజులు, పట్టీలు ఇంట్లో ఉంచి, మంగళసూత్రం చొక్కా లోపలికి వేసుకుంటే చాలు.

నటి బూట్ల హీల్స్‌తో కలిపిన ఎత్తుకు మీ ఎత్తు సరిపోవాలి కనుక చదునైన బూట్లు ఒక జత, హీల్స్ ఉన్నవి ఒక జత తీసుకెళ్ళండి. అడుగు మెత్తటి రబ్బరుదైతే చప్పుడు కాదు. చిన్న పుస్తకం, పెన్సిలు మరవకండి. నటులు రిహార్సల్ చేస్తున్నప్పుడు మీ నటి ఏ మాట దగ్గర లేచింది, ఏ చేత్తో కప్పు తీసింది, నిలబడే చోటుకు గుర్తుగా నేలమీద అంటించిన ఏ రంగు టేపు దగ్గర ఆగింది రాసుకుంటే, "సెకండ్ టీమ్" (అంటే స్టాండ్-ఇన్‌లు) అని పిలవగానే తడుముకోకుండా అదే చేయగలుగుతారు.

జులైలో బయట ఉక్కపోసినా స్టూడియో లోపల ఏసీకి వణుకు పుడుతుంది. విప్పడానికి వీలైన స్వెటర్ ఉంచుకుని, లైటింగ్‌కు ముందే తీసేయండి. భోజనం వాళ్ళే పెడతారు. శాకాహారులు పెరుగన్నం తెచ్చుకోవచ్చు గానీ, గాలి ఆడని సెట్ దగ్గర ఆవకాయ మూత తీయకపోవడం మర్యాద. సెట్‌లో ఫొటోలు తీయకూడదు, ఫోన్ మోగకూడదు. పని పన్నెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు కాబట్టి, పిల్లలను బడి నుంచి తెచ్చే ఏర్పాటు చేసుకుని బయలుదేరండి.